పడవకు పాత ఇంజను



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పాత ఇంజనును గూర్చినది. పాతది యనగా ఒకరు వాడి విడిచినది, వేరొకరు కొనునది. విశాఖపట్టణపు రేవునకు వచ్చు ఓడలలో ఇంటియంత ఎత్తు గల ఇంజనులుండును. వానిని కనిపెట్టుకొని యుండుటకు చదువుకొన్న ఇంజనీర్లు గలరు. నేను చెప్పబోవునది వానిని గూర్చి కాదు. ఫైబరు తెప్ప వెనుక చెక్కకు రెండు మరలతో బిగించు చిన్న పెట్రోలు ఇంజనును గూర్చి చెప్పుదును. దానిని నడుపువాడే దానిని కాపాడుకొనవలెను. నడిసముద్రమున అది నిలిచిపోయినయెడల కేకవేసిన పలుకు మేస్త్రీ అచ్చట దొరకడు.

సేద్యము చేయు పెద్దలు ఇది తమకు పనికిరాని ప్రసంగమని తలంపవలదు. వీపున మోసికొని చేలకు మందు చల్లు యంత్రములలో పెక్కింటియందు నున్నదియు ఈ జాతి ఇంజనే. పరిమాణము వేరు, ధర్మ మొక్కటే.

నేను చాలకాలముగా ఈ తీరమున ఇట్టి ఇంజనులను విప్పి బిగించు పనిలోనున్నాను. నా యొద్దకు వచ్చు వానిలో అరిగి చెడినవి తక్కువ, అశ్రద్ధచేత చెడినవి ఎక్కువ. ఆ అశ్రద్ధకు చెల్లించు మూల్యము ఒక్కొక్కప్పుడు రూపాయలతో తీరదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు చెప్పుటకు పూనుకొంటిని.

పూర్వము మన జాలరులకు కొయ్యతెప్ప, తెడ్డు, తెరచాప, కండబలము, ఇవియే సాధనములు. గాలి అనుకూలించిన నాడు వేట, లేనినాడు పస్తు. 1933లో విశాఖపట్టణపు రేవు తెరువబడినది. 1976లో చేపల రేవు వేరుగా ఏర్పడినది. అచ్చట పెద్ద మర పడవలు చేరినవి. తరువాత క్రమముగా చిన్న తెప్పలకును ఇంజనులు వచ్చినవి. పడవ వెనుక తగిలించు ఇట్టి ఇంజనును అమెరికాదేశమున ఓలె ఎవిన్రూడ్ అనునతడు 1909 ప్రాంతమున అమ్మకమునకు తెచ్చి లోకమున వ్యాపింపజేసెను. నేడు భీమునిపట్టణము మొదలు పూడిమడక వరకు గల పల్లెలలో ఇంజను లేనిదే వేట సాగని తెప్పలు అనేకములు. కొన్నిటికి పొడవైన ఇరుసుతో డీజెలు ఇంజనులు, కొన్నిటికి నేను చెప్పుచున్న పెట్రోలు ఇంజనులు.

కొత్త ఇంజను వెల లక్ష రూపాయలు దాటును. తండ్రినుండి వేరుపడిన చిన్నవానికి అంత సొమ్ము ఎక్కడిది? కావున పాతదానికై వెదకును. వలలు అమ్మియో, ఇల్లాలి మెడలోని పుస్తెలతాడు కుదువబెట్టియో కొనును. పాతది కొనుట తప్పు కాదు. చూచి కొని శ్రద్ధగా వాడినయెడల పాత ఇంజను పది సంవత్సరములు కూడ అన్నము పెట్టును. చూడక కొన్నయెడల అప్పు మిగులును, ఇంజను మిగులదు.

ముందుగా అది పనిచేయు తీరు తెలిసికొనవలెను. దీనిని టూ స్ట్రోకు ఇంజను అందురు. సిలిండరనునది లోహముతో చేసిన గొట్టము. అందులో పిస్టను పైకి, క్రిందికి ఆడుచుండును. పిస్టను పైకి పోవునపుడు తన పైనున్న గాలి, పెట్రోలు మిశ్రమమును గట్టిగా నొక్కును. అదే సమయమున క్రిందిగదిలోనికి కొత్త మిశ్రమమును పీల్చును. ప్లగ్గునుండి నిప్పురవ్వ పడగానే పైనున్నది భగ్గున మండి పిస్టనును క్రిందికి తన్నును. క్రిందికి దిగుచున్న పిస్టను కాలిన పొగకు దారి విడిచి, క్రిందిగదిలోని కొత్త మిశ్రమమును పైకి త్రోయును. చక్రము ఒక్కసారి తిరిగినంతలో ఈ పని యంతయు ముగియును. ఇంగ్లండులో జోసెఫ్ డే అనునతడు ఈ క్రిందిగది ఏర్పాటును కనిపెట్టెను.

ఇందు గమనింపవలసిన కీలకమొకటి కలదు. ఇంజనునకు వెన్నెముకయైన క్రాంకు, దాని బేరింగులు ఆ క్రిందిగదిలోనే యుండును. మిశ్రమము పోవు దారి కూడ అదే యగుటచేత అచ్చట నూనె నిలువయుంచుటకు వీలులేదు. నూనె పెట్రోలుతో కలిసియే లోనికి రావలెను. నూనె కలుపక వట్టి పెట్రోలు పోసిన యెడల కొంతసేపటిలోనే పిస్టను గొట్టమునకు అంటుకొని బిగిసిపోవును. కందెన లేని బండి ఇరుసు కిర్రుమని అరచి చెప్పును. కందెన లేని ఇంజను చెప్పకయే చచ్చును.

ఈ ధర్మమును మీకు తేటపరచుటకు పిల్లల ఆటవస్తువును ఉదాహరించెదను. నగరములలో కొందరు బాలురు చేతిలోని రేడియోపెట్టెతో దూరమునుండి నడుపు చిన్న కార్లు కలవు. వానిలో కొన్నిటికి బొటనవ్రేలంత ఇంజనుండును. ఉక్కునగరమునుండి ఒక ఉద్యోగి తన కుమారునికై ఎవరియొద్దనో కొన్న పాత కారును నాయొద్దకు తెచ్చి, ఇది కదలదు, త్రాడు లాగిన రాదు, అని చెప్పెను. నేను దానిని విప్పి చూచితిని. అదియు టూ స్ట్రోకు ఇంజనే. దాని గొట్టము 3 ఘనసెంటీమీటర్ల ప్రమాణము గలది. నిమిషమునకు 30,000 చుట్లవరకు తిరుగ గలదు.

దానికి పెట్రోలు పోయరు. మెథనాలు అను సారాయివంటి ద్రవమును, నైట్రోమీథేను అను రసాయనమును, నూనెను కలిపి పోయుదురు. నిప్పురవ్వకు బదులు దాని ప్లగ్గులో ప్లాటినపు తీగచుట్ట యుండును. మొదట చిన్న బ్యాటరీతో దానిని ఎఱ్ఱగా కాల్చి ఇంజనును తిప్పుదురు. ఇంజను అందుకొన్న తరువాత బ్యాటరీ తీసివేసినను ఆ తీగ చల్లారదు. మెథనాలు ఆవిరి ప్లాటినమును తాకి మండుటచేతను, గొట్టములోని వేడిచేతను, అది నిరంతరము ఎఱ్ఱగానే నిలుచును. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే రే ఆర్డెన్ అను అమెరికావాడు ఇట్టి ప్లగ్గును అమ్మకమునకు తెచ్చెను.

ఆ కారు ఏల కదలలేదు? అందు పోసిన ఇంధనములోని నూనె ఆముదము. ఆముదము వేడికి ఓర్చుకొను మంచి కందెన. కాని వాడక చాలకాలముంచినచో ఎండి బంకయగును. వెనుకటి యజమాని ఆడుకొనుట ముగియగనే మిగిలిన ఇంధనముతో దానిని అట్లే అటకనెక్కించెను. పిస్టను ఆ బంకలో చిక్కుకొనెను. త్రాడు బలముగా లాగినయెడల త్రాడు తెగును, కడ్డీ వంగును. కావున ప్లగ్గు తీసి, రెండు చుక్కల పలుచని నూనె లోపల విడిచి, పైభాగమును మెల్లగా వెచ్చజేసి, చక్రమును చేతితో ఇటునటు కదల్చితిని. కొంతసేపటికి బంక వీడినది. పగిలిన ఇంధనపు గొట్టమును, కాలిపోయిన ప్లగ్గును మార్చి, గాలివడపోతను కడిగి నూనె రాచి, కొత్త ఇంధనము పోసితిని. మూడవ లాగుడుకు ఇంజను మ్రోగినది. ఆట ముగిసిన ప్రతిసారి ట్యాంకు ఖాళీచేసి, గొట్టములోని ఇంధనము మండిపోవువరకు నడిపి, పిమ్మట రెండు చుక్కల నూనె విడువుమని బాలునకు చెప్పితిని. మెథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమ ఉక్కు బేరింగులను త్రుప్పుపట్టించును. మెథనాలు విషమనియు, నోటబడిన యెడల చూపుపోవుననియు, ప్రాణమే పోవచ్చుననియు తండ్రికి గట్టిగా చెప్పితిని.

ఆటవస్తువునకు వచ్చిన వ్యాధియే పడవ ఇంజనునకును వచ్చును. తేడా యొక్కటే. బాలుని కారు ఆగినయెడల బాలుడు నడిచి ఇంటికి వచ్చును. పడవ ఇంజను ఆగినయెడల నడిచి వచ్చుటకు నేల లేదు.

ఇక కొనుట. అమ్మువాని ఇంటికి పోయినపుడు మొదట ఇంజను తలపై చేయివేసి చూడుడు. వెచ్చగా నున్నయెడల మీరు రాకముందే అతడు దానిని నడిపి యుంచెనన్నమాట. చల్లగా నున్నప్పుడు అందుకొనుటయే దానికి నిజమైన పరీక్ష. అది చల్లారువరకు కూర్చుండుడు. మాటలాడుటకు విషయములకు కొదవలేదు.

పిదప త్రాడును మెల్లగా లాగుడు. గొట్టములో నొక్కిడి చక్కగా నున్నయెడల చేతికి ఎదురుబలము తెలియును. ఏ ఎదురులేక జారివచ్చినయెడల పిస్టను రింగులు అరిగినవని తలంపవచ్చును. నొక్కిడిని కొలుచు గడియారము మేస్త్రీలయొద్ద దొరకును. రెండు గొట్టముల ఇంజనయినచో రెండింటి కొలతలును దాదాపు సమానముగా నుండవలెను. పదియవవంతునకు మించిన తేడా యున్నచో బేరము మానుకొనుట మేలు.

తరువాత నీటిలో మునుగు భాగమున గల గేరుపెట్టె అడుగు మరను కొంచెము వదల్చి లోని నూనె చూడుడు. నూనె తేటగానో నల్లగానో యుండవచ్చును. పాలవలె తెల్లబడిన యెడల లోనికి ఉప్పునీరు చొరబడినదని అర్థము. ప్రొపెల్లరు ఇరుసును పట్టుకొని కదల్చి చూడుడు. కొత్తగా పూసిన రంగును చూచి మురియవలదు. రంగు క్రింద త్రుప్పుండవచ్చును. ఇంజను సంఖ్య గల రేకు ఉన్నదో, గోకివేయబడినదో చూడుడు. రేకు లేని ఇంజను దొంగసొత్తు కావచ్చును. కాగితములు లేనిది అగ్గువయైనను కొనవలదు.

అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష వేరొకటి కలదు. నా యెరుకలో ఇద్దరన్నదమ్ములు ఒక పాత ఇంజను కొనిరి. అమ్మినవారి పేరు నాకనవసరము. ఒడ్డున పీపాలోని నీటిలో ఉంచి అయిదు నిమిషములు నడిపి చూపిరి. ఇంజను గంటవలె మ్రోగెను. వీరు సంతసించి సొమ్ము చెల్లించిరి. పదునైదు దినములలోపల ఒకనాడు యారాడ కొండ కనుమరుగగు దూరమున అది చప్పున ఆగిపోయెను. ఎంతలాగినను రాదు. చల్లారిన తరువాత వచ్చును, మరల అరగంటకు ఆగును. నిప్పురవ్వ పుట్టించు తీగచుట్టలో సన్నని తెగుడు. చల్లగా నున్నప్పుడు కొనలు తాకుచుండును, వేడెక్కినప్పుడు ఎడమగును. ఇంజను ఉన్నదిగదా యని తెడ్లు ఇంటివద్ద విడిచి పోయిరి. గాలికి కొట్టుకొనిపోవుచు ఆ రాత్రి సముద్రముమీదనే గడపిరి. మరునాటి యుదయము వేరొక పడవవారు చూచి త్రాడు కట్టి ఒడ్డునకు తెచ్చిరి. వారి తల్లి ఆ రాత్రి ఇసుకమీదనే కూర్చుండి తెల్లవార్చెను. ఆమెను నేను చూచితిని.

కావున పాత ఇంజనును పడవకు బిగించి, బరువుమీద అరగంటకు తక్కువగాక నడిపి, ఆపి, వేడిగా నున్నప్పుడే మరల త్రాడులాగి చూడవలెను. చల్లని పరీక్ష ఒకటి, వేడి పరీక్ష ఒకటి. రెండింటను నెగ్గినదే కొనదగినది. అరగంట పెట్రోలు పోసి చూపుటకు ఒప్పుకొనని వానియొద్ద కొననక్కరలేదు.

ఇంజను ఇంటికి వచ్చినది. దానిని అందించు క్రమము చెప్పుదును. పెట్రోలు పెట్టె మూతమీది గాలిమరను వదల్పుడు. అది బిగిసియున్నచో పెట్టెలోనికి గాలిపోక పెట్రోలు రాదు. నడుమనున్న రబ్బరు బుడ్డిని గట్టిపడువరకు పిసుకుడు. గేరు నడిమి స్థానమున నుంచుడు. ఆపుడు మీటకు తగిలించు త్రాడును నడుపువాని మణికట్టుకు కట్టుకొనవలెను. అతడు నీట బడినయెడల ఇంజను తానే ఆగును. ఈ త్రాడును కొందరు అలంకారమని తలంతురు. నీటబడినవానిమీదికి తిరిగివచ్చు ప్రొపెల్లరును చూచినవారు అట్లు తలంపరు.

చల్లని ఇంజనునకు చోకు లాగుడు. త్రాడును ఎదురుబలము తగులువరకు మెల్లగా లాగి, అచ్చటినుండి ఒక్క ఊపున లాగుడు. అందుకొనగనే చోకును క్రమముగా లోనికి త్రోయుడు. వెంటనే వెనుకకు తిరిగి, ఇంజను ప్రక్కనున్న రంధ్రమునుండి నీటిధార వచ్చుచున్నదో లేదో చూడుడు. ఆ ధారయే చల్లదనమునకు సాక్షి. ధార లేనియెడల క్షణమైనను నడుపక ఆపివేయుడు. రంధ్రమున ఇసుకయో, నీరుతోడు రబ్బరు రెక్కల చక్రము చినుగుటయో కారణమై యుండును. ఇదే కారణముచేత ఇంజనును నీరులేక ఒడ్డున నడుపరాదు. ఆ రబ్బరు రెక్కలు స్వల్పకాలములోనే మాడిపోవును.

పదిసార్లు లాగినను రానిచో కోపముతో పదునొకటవసారి లాగవలదు. ప్లగ్గు విప్పి దాని ముఖము చూడుడు. వైద్యునికి నాలుకవంటిది మేస్త్రీకి ప్లగ్గు. లేత గోధుమవన్నెలో పొడిగా నున్నచో ఆరోగ్యము. నల్లగా తడిగా నున్నచో పెట్రోలో నూనెయో అధికమైనది. దానిని తుడిచి ఆరబెట్టి, చోకు లేక రెండుమూడు సార్లు త్రాడులాగి లోని తడిని వెళ్లగొట్టి మరల బిగింపుడు. ఆ సమయమున ప్లగ్గు తీగను నిప్పురవ్వ పడకుండ దూరముగా నుంచవలెను. ప్లగ్గు తెల్లబారి కాలినట్లున్నయెడల పెట్రోలు చాలక గాలి ఎక్కువగుచున్నదనియు, ఇంజను మితిమీరి వేడెక్కుచున్నదనియు తెలిసికొనుడు. అప్పుడు గొట్టములలో పగులు, వడపోతలో మురికి, కార్బురేటరు సన్నరంధ్రములలో బంక వెదుకవలెను. ప్లగ్గు పూర్తిగా పొడిగా నుండి పెట్రోలు వాసనయే లేనిచో పెట్రోలు లోనికే రాలేదు. మూత గాలిమరనుండి మొదలుపెట్టి దారియంతయు చూచుకొనుచు రండు. నిప్పు, పెట్రోలు, నొక్కిడి, ఈ మూడు చక్కగా నున్నచో ఇంజను రాక తప్పదు. రానిచో ఈ మూడింటిలో నొకటి లోపించినదన్నమాట. ఒక్కసారి ఒక్కదానినే పరీక్షింపవలెను. అన్నింటిని ఒకేసారి విప్పినవానికి లోపము కనబడదు, మరలు మాత్రము మిగులును.

నూనె కలుపు పాళ్లు ఇంజనుతో వచ్చు పుస్తకములో నుండును. పాతది కొన్నపుడు ఆ పుస్తకమును కూడ అడిగి తెచ్చుకొనుడు. నేటి ఇంజనులు పెక్కింటికి 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె. అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. 25 పాళ్లకు ఒకటి యని వ్రాసియున్నచో లీటరునకు 40. చూపున అందాజుగా పోయవలదు. ముందు కొంచెము పెట్రోలులో నూనె కలిపి బాగుగా కదల్చి, పిమ్మట మిగిలినది పోయవలెను. తక్కువైనచో పిస్టను పట్టుకొనును, మిక్కుటమైనచో ప్లగ్గు మసిబారును.

పెట్రోలును గూర్చి నేటి కాలమున జాగ్రత్త పెరుగవలసి యున్నది. 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఎథనాలు చేరినది. అదియు ఆ బాలుని కారులోని మెథనాలునకు సోదరియే, నీటిని పీల్చుకొనును. సముద్రపు గాలిలో తేమ మెండు. డబ్బాలో నెలలతరబడి నిలువయున్నయెడల నీరు, ఎథనాలు కలిసి అడుగునకు దిగును. ఇంజను మొదట త్రాగునది ఆ అడుగుదానినే. దానిలో నూనె యుండదు, మండు శక్తియు చాలదు. కావున వారమునకు సరిపడునంతే కొని, మూత బిగించి నీడన నుంచుడు. నిలువయున్నది పోయవలసి వచ్చినచో ముందు గాజుసీసాలోనికి కొంత వంచి, అడుగున వేరుపొర యున్నదేమో చూచి పోయుడు.

నిప్పును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్టణపు చేపల రేవున నిప్పంటుకొని రమారమి 40 మర పడవలు దగ్ధమైనవి. పడవలలోని ఇంధనము, వంటగ్యాసు బండలు ఆ మంటలకు తోడైనవి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. పడవ అడుగున చేరి కనబడకుండ పొంచియుండును. కావున డబ్బాను ఒడ్డునకు దింపి, ఇసుకమీద నుంచి నింపవలెను. ఆ సమయమున చుట్ట, బీడీ దగ్గరకు రానీయవలదు.

వేటనుండి తిరిగివచ్చిన తరువాత ప్రతి దినము చేయవలసిన పని యొకటి కలదు. ఇంజనును మంచినీటి పీపాలో నిలిపి పది నిమిషములు నడుపవలెను. లోపలి దారులలో నిలిచిన ఉప్పునీరు ఎండి పొరలు కట్టకుండ ఇది కాపాడును. ఉక్కుకర్మాగారమును 1992లో జాతికి అంకితము చేసికొన్న నగరము మనది. అయినను ఉప్పు తినని ఉక్కును ఇంకను ఎవ్వరును మన పడవలకు చవుకగా ఈయలేదు. పైన చల్లని మంచినీటితో కడిగి, మూత తీసి లోపల పలుచగా నూనె తుడువుడు. నీటిభాగమున బిగించిన జింకుముక్క ఒకటి యుండును. ఉప్పునీటిలో రెండు లోహములు కలిసియున్నపుడు ఒకటి కరగును. ఇంజనునకు బదులు ఆ జింకు కరగును. దానిపై రంగు పూయరాదు. సగము కరగిన పిమ్మట మార్చవలెను. ప్రొపెల్లరును ఊడదీసి వెనుక వలదారము చుట్టుకొన్నదేమో అప్పుడప్పుడు చూడుడు. సన్నని నైలాను దారము అచ్చటి నూనెముద్రను కోసి గేరుపెట్టెలోనికి నీటిని విడుచును. జాలరి వలయే జాలరి ఇంజనును చెరచుట ఈ విధముగా జరుగుచుండును.

తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు వేటనిషేధము. ఈ కాలమున ఇంజనును మూలబెట్టి ఊరకుండరాదు. మంచినీటితో కడిగిన తరువాత పెట్రోలు గొట్టము తీసివేసి, కార్బురేటరులోని పెట్రోలు తీరి తానే ఆగువరకు నీటిలోనే నడుపుడు. ప్లగ్గులు తీసి ఒక్కొక్క గొట్టములో చెంచాడు నూనె పోసి త్రాడు మెల్లగా లాగుడు. గేరునూనె మార్చుడు. నీరుతోడు రబ్బరుచక్రమును విప్పి, రెక్కలు వంగియున్నచో కొత్తది వేయుడు. మన తీరపు నీటిలో ఇసుక ఎక్కువ యగుటచేత సంవత్సరమునకొకటి మార్చుట మంచిది. ఇంజనును నిలువుగా నిలబెట్టుడు. పదునైదు దినములకొకసారి త్రాడు లాగి పిస్టనును కదల్పుడు. ఈ పనులకగు వ్యయము స్వల్పము. జూన్ 15వ తేదీ తెల్లవారుజామున పల్లెయంతయు వేటకు పోవుచుండగా తానొక్కడు ఒడ్డున త్రాడు లాగుచు నిలుచువాని నష్టము స్వల్పము కాదు.

ఇంత చేసినను యంత్రము యంత్రమే. అందుచేత ప్రతి పడవలో తెడ్లు తప్పక యుండవలెను. వీలైన చిన్న తెరచాపయు నుండవలెను. రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు విప్పు పాన, లాగుడు త్రాడు ఒకటి, ప్రొపెల్లరు మేకు ఒకటి, నీరుచొరని సంచిలో టార్చిలైటు, ఫోను, మనిషికొక తేలుడు చొక్కా, త్రాగునీరు, లంగరు ఉండవలెను. పెట్రోలును మూడు పాళ్లుగా పంచుకొనుడు. ఒక పాలు పోవుటకు, ఒక పాలు వచ్చుటకు, ఒక పాలు ఆపదకు. ఆ మూడవ పాలు మంచి వేటమీద ఆశచేత ముట్టరాదు. బయలుదేరుటకు ముందు విశాఖపట్టణములోని తుపాను హెచ్చరికల కేంద్రము వారు చెప్పు మాట వినుడు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము, అనగా ఇన్‌కాయిస్ వారు, అలల యెత్తును, చేపలుండు తావులను తెలుపుచుందురు. సముద్రమున ఆపద కలిగినయెడల తీరరక్షకదళమువారిని పిలుచుటకు 1554 అను ఫోను సంఖ్య కలదు. దానిని పడవ లోపలిచెక్కమీద రంగుతో వ్రాయించుడు.

పెద్దలారా! మీలో పెక్కురు ఇకమీదట ఇంజను త్రాడు లాగబోరు. కాని పల్లెలో ఇంజను కొనునపుడు సాక్షిగా నిలుచువారు మీరు, అప్పుపత్రముపై వ్రాలుచేయువారు మీరు, పడవ రానిరాత్రి ఒడ్డున దీపము పట్టుకొని నిలుచువారు మీరు. కావున మీకొక మనవి చేయుచున్నాను. ప్రతి ఇంజనునకు ఒక చిన్న పుస్తకము పెట్టింపుడు. కొన్న తేదీ, గేరునూనె మార్చిన తేదీ, రబ్బరుచక్రము, ప్లగ్గు, జింకుముక్క మార్చిన తేదీలు అందులో వ్రాయింపుడు. పడవ తోలువానికి తీరికలేనియెడల చదువుకొన్న కోడలో, బడికి పోవు మనుమరాలో వ్రాయగలదు. చేపలమ్మి వడ్డీ కట్టువారు తరచుగా ఆ ఇంటి ఆడువారే. ఇంజను ఆరోగ్యము వారికి తెలియవలసిన విషయమే. మరల ఆ ఇంజనును అమ్మవలసి వచ్చినపుడు ఆ పుస్తకమే దాని విలువను నిలుపును. కొనువానికి ఆ పుస్తకమును చూపగలవాడు అబద్ధము ఆడవలసిన పనిలేదు.

మన తండ్రులు తెప్పకట్టిన త్రాడును ప్రతి ఉదయము వ్రేళ్లతో తడిమి చూచి గాని సముద్రమునకు పోలేదు. త్రాడుపోయి ఇంజను వచ్చినది. తడిమి చూచు అలవాటు పోరాదు. ఈ సంగతిని మీ పల్లె రచ్చబండమీద నలుగురు చిన్నవాండ్రకు చెప్పుదురని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.